సింహపురికి చుట్టాలొచ్చారు
(పెద్ద తరగతి పిల్లలకు, వారితో పాటు చదివే తల్లిదండ్రులకు ఒక పాఠం)

పిల్లలూ! జూన్ సెలవులు వచ్చాయంటే మన ఇళ్లకు అమ్మమ్మలు, తాతయ్యలు, నాయనమ్మలు వస్తారు. వారి వెంట ఆవకాయ, సున్నుండలు, పూతరేకులు వస్తాయి. అమ్మానాన్నలు ఆఫీసులకు వెళ్లిపోయాక వారికి ఊరు చూపించే పని మీ మీద పడుతుంది. ఆ పని తెలుగులో ఎలా చెయ్యాలో నేర్పడానికే ఈ పాఠం.

"తాతయ్యకు సింగపూరులో ఏమేం చూపించారు?" అని మేము తరగతిలో అడిగితే జవాబులు గడగడా వచ్చేస్తాయి. మెర్లయన్, మెరీనా బే శాండ్స్, సెంటోసా, ముస్తఫా. "మరి వాటి గురించి ఏం చెప్పారు?" అని అడిగితే తరగతి అంతా నిశ్శబ్దం. "ఫోటోలు తీశాం సార్" అంటారు. ఫోటోలు తీయడానికి తెలుగు అక్కర్లేదు కదా!

ఇక్కడి బడుల్లో మాతృభాష కింద చైనీసు, మలయ్, తమిళం నేర్పుతారు. భారతీయ భాషల్లో హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ కూడా తీసుకోవచ్చు. ఆ పట్టికలో తెలుగు లేదు. అంటే మీ తెలుగుకు పరీక్ష పెట్టే వాళ్లు ఇంటికి వచ్చే చుట్టాలే. ఆ పరీక్షలో "బాగుంది", "పెద్దది", "రండి", "తినండి" అనే నాలుగు మాటలతో నెట్టుకురావడం కష్టం. అందుకని ఈసారి మేము అద్దాల మేడలు కాస్త పక్కన పెట్టి, తాతయ్యలకు ముందే ఎంతో కొంత తెలిసిన సంగతులు ఏరుకున్నాము. అప్పుడు మీరు ఒక మాట చెబితే వాళ్లు రెండు చెబుతారు.

పేరుతో మొదలుపెడదాం. "సింగపూరు రాజధాని ఏది?" అని క్విజ్‌లో అడిగితే చాలామంది తడబడతారు. ఊరే దేశం, ఆ ఊరే రాజధాని. సింగపుర అంటే సింహపురం. మలయ్ వారి పురాతన కథల్లో సంగ్ నీల ఉతమ అనే రాజకుమారుడు పాలెంబాంగ్ నుంచి ఓడలో వచ్చి ఈ దీవిలో ఒక వింత మృగాన్ని చూశాడట. అది సింహమని ఎవరో చెబితే ఊరికి ఆ పేరు పెట్టాడట. సంప్రదాయంగా ఈ కథకు చెప్పే సంవత్సరం 1299. ఇక్కడి అడవుల్లో సింహాలు ఎప్పుడూ లేవు. పులులు మాత్రం పంతొమ్మిదో శతాబ్దంలో మనుషుల్ని ఎత్తుకుపోయేటన్ని ఉండేవి.

మీ ఇంటికి వచ్చినవారు నెల్లూరు వైపు వారైతే ఈ కథ దగ్గర తప్పకుండా ఆగుతారు. నెల్లూరు పాత పేరు విక్రమ సింహపురి. తిక్కన సోమయాజి మనుమసిద్ధి కొలువులో ఉన్నది అక్కడే, అదీ పదమూడో శతాబ్దంలోనే. సముద్రానికి ఇటొక సింహపురి, అటొక సింహపురి. మలయ్ భాషలో ఇలాంటివి ఇంకా ఉన్నాయి: భాషను బహస అంటారు, దేశాన్ని నెగర అంటారు, కోటను కోట అనే అంటారు. అమ్మమ్మ చేత ఈ మాటలు పలికించి చూడండి. పది నిమిషాల్లో ఆమెకు నాలుగు మలయ్ మాటలు వచ్చేస్తాయి.

మెర్లయన్ సంగతి కూడా ఇక్కడే చెప్పేద్దాం. తల సింహం, ఒళ్లు చేప. చూడగానే మన పెద్దవాళ్లకు నరసింహావతారం, మత్స్యావతారం రెండూ గుర్తొచ్చి చేతులు జోడించబోతారు. అది దేవుడూ కాదు, పురాణమూ కాదు. 1964లో పర్యాటక శాఖ కోసం గీసిన చిహ్నం. విగ్రహాన్ని ఆవిష్కరించింది 1972లో. ఇప్పుడున్న చోటుకు మార్చింది 2002లో. ఫోటో తీసుకోండి, తప్పులేదు. అయితే దాని వెనక ఉన్న ఫుల్లర్టన్ హోటల్ వైపు తిరిగి ఇంకో మాట చెప్పండి. ఆ దగ్గరలోనే, నది సముద్రంలో కలిసే చోట, ఒకప్పుడు మూడు మీటర్ల పెద్ద బండరాయి ఉండేది. దాని నిండా శాసనం. 1843లో ఇంగ్లీషువారు స్థలం కావాలని దాన్ని మందుగుండు పెట్టి పేల్చేశారు. మిగిలిన ఒక ముక్క నేషనల్ మ్యూజియంలో ఉంది. ఆ లిపిని ఇంతవరకు ఎవరూ చదవలేకపోయారు. మన ఊళ్లలో గుడి ముందు శాసనాలు చూసి పెరిగిన తాతయ్యకు ఆ ముక్క ముందు నిలబడితే కలిగే బాధ, మెరీనా బే శాండ్స్ 57వ అంతస్తు మీద కలగదు.

నది పక్కనే తెల్లని రాఫిల్స్ విగ్రహం ఉంది. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి స్టాంఫర్డ్ రాఫిల్స్ 1819 జనవరి చివర్లో ఇక్కడ దిగి, ఫిబ్రవరి 6న సుల్తాన్ హుస్సేన్‌తో, తెమెంగోంగ్ అబ్దుల్ రహమాన్‌తో ఒప్పందం చేసుకున్నాడు. అతను రాకముందు ఇక్కడ ఏమీ లేదని కొన్ని పుస్తకాలు రాస్తాయి. ఫోర్ట్ కానింగ్ కొండ మీద 1984 నుంచి జరిగిన తవ్వకాల్లో పద్నాలుగో శతాబ్దపు సామాను బయటపడింది కాబట్టి ఆ మాట నమ్మనక్కర్లేదు. 1826లో పెనాంగ్, మలక్కా, సింగపూరు కలిపి ఒక పాలన కిందికి తెచ్చారు. 1832లో రాజధాని పెనాంగ్ నుంచి సింగపూరుకు మారింది. 1867 దాకా ఈ ఊరి కాగితాలు కలకత్తా వెళ్లి వచ్చేవి. అంటే మన తాతల తాతలను పాలించిన సర్కారే ఈ ఊరినీ పాలించింది.

ఇక్కడి నుంచి తెలోక్ ఆయర్ వీధికి వెళ్లండి. మలయ్‌లో తెలోక్ అంటే సముద్రం లోపలికి వచ్చిన వంపు, అఖాతం. ఆయర్ అంటే నీరు. వీధి చూస్తే అటూ ఇటూ బ్యాంకులు, కాఫీ దుకాణాలు. నీటి చుక్క లేదు. ఇప్పుడు తాతయ్యను ఒక పొడుపు కథ అడగండి: "ఈ వీధిలో చైనీయుల సముద్రదేవత గుడి ఉంది. దక్షిణ భారతదేశం నుంచి వచ్చిన ముస్లిములు కట్టుకున్న నాగూరు దర్గా ఉంది. అన్నీ 1820ల నుంచి 1840ల మధ్యలో కట్టినవే. ఇన్ని గుళ్లు ఒకే వరుసలో ఎందుకున్నాయి?" జవాబు: అదే అప్పటి ఒడ్డు. ఓడ దిగినవారు ప్రాణాలతో చేరినందుకు మొదట దండం పెట్టుకున్న చోటు అది. తియాన్ హాక్ కెంగ్ గుడి మెట్ల ముందే అలలు ఉండేవి. 1879 నుంచి మౌంట్ వాలిచ్ అనే కొండను తవ్వి ఆ మట్టితో సముద్రాన్ని పూడ్చారు. ఇప్పుడు ఆ కొండా లేదు, ఆ ఒడ్డూ లేదు. బీచ్ రోడ్డు పేరూ అంతే. 1960లలో దాదాపు 580 చదరపు కిలోమీటర్లు ఉన్న దేశం ఇప్పుడు 730 దాటింది. మెరీనా బే శాండ్స్ నిలబడింది కూడా అలా పూడ్చిన నేల మీదే. మ్యాపులో ఈ పాత ఒడ్డును వేలితో గీసి చూపించగలిగితే, ఊరి సగం చరిత్ర చెప్పినట్లే.

పక్కనే సౌత్ బ్రిడ్జ్ రోడ్డులో మారియమ్మన్ గుడి. చైనాటౌన్ నడిబొడ్డున మన గోపురం ఏమిటని అందరూ ఆశ్చర్యపోతారు. 1819 మేలో రాఫిల్స్ రెండోసారి వచ్చినప్పుడు పెనాంగ్ నుంచి వెంట వచ్చిన నారాయణ పిళ్లై ఇక్కడ ఇటుక బట్టీ పెట్టి, ఇళ్లు కట్టే కంట్రాక్టరుగా స్థిరపడ్డాడు. 1827లో ఈ గుడిని కట్టించింది ఆయనే. పక్క వీధికి పగోడా స్ట్రీట్ అని పేరు వచ్చింది ఈ గోపురాన్ని చూసే. అదే రోడ్డు మీద, 1826లో మొదలైన చూలియా మసీదు ఉంది. ఆ రోడ్డు మీద ఎవరినీ ఎవరూ పక్కకు జరగమనలేదు.

ఇప్పుడు మాకు బాగా ఇష్టమైన భాగం. ద్వీపాంతర శిక్ష అనే మాట మీరు విని ఉండరు, తాతయ్య విని ఉంటారు. నేరం చేసినవారిని సముద్రం దాటించి పంపే శిక్ష. అందరికీ అండమాన్ గుర్తొస్తుంది. అండమాన్ కంటే ముందు, 1825 నుంచి, బెంగాలు, మద్రాసు, బొంబాయి ప్రెసిడెన్సీల ఖైదీలను సింగపూరుకు పంపేవారు. మన కోస్తా జిల్లాలు, రాయలసీమ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. రోడ్లు వేసింది, చిత్తడి నేలలు పూడ్చింది వారే. ఇప్పుడు అధ్యక్షుల భవనంగా ఉన్న ఇస్తానాను 1869 నాటికి కట్టింది వారి చేతులే. సిటీ హాల్ స్టేషను ఎదురుగా తెల్లగా మెరిసే సెయింట్ ఆండ్రూస్ చర్చి కూడా వారు కట్టినదే. అది 1861లో ప్రార్థనలకు తెరిచారు.

ఆ చర్చి గోడల పూత సంగతి వింటే అమ్మమ్మలు కూడా ముందుకు జరుగుతారు. సముద్రపు గవ్వలు కాల్చిన సున్నం, కోడిగుడ్ల తెల్లసొన, ముతక పంచదార కలిపి నూరి, కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్లు పోసి ముద్ద చేసేవారు. గోడకు పట్టించి, ఆరాక నున్నటి రాయితో మెరుపు వచ్చేదాకా రుద్దేవారు. ఇంగ్లీషువారు దీనికి పెట్టిన పేరు మద్రాస్ చునం. మన పాత మండువా ఇళ్లకు వాడిన గానుగ సున్నం గురించి ఇప్పుడు అడగండి. బెల్లం, కరక్కాయ నీళ్లు ఎలా కలిపేవారో, ఎన్నాళ్లు నానబెట్టేవారో వాళ్లే చెబుతారు. మేము ఇంజనీరింగులో సిమెంటు గురించి చదువుకున్నాం గానీ ఈ సున్నం గురించి ఒక్క ముక్క చదవలేదు. 1873లో ఈ శిక్ష విధానం ఇక్కడ ఆగిపోయింది. విడుదలైనవారిలో చాలామంది తిరిగి వెళ్లలేదు.

ఎంఆర్‌టీ ఎక్కండి. ధోబీ ఘాట్ స్టేషను వస్తుంది. రోజూ ఆ పేరు వింటారు, అర్థం ఆలోచించారా? చాకిరేవు! పంతొమ్మిదో శతాబ్దంలో భారతదేశం నుంచి వచ్చిన చాకలివారు అక్కడి వాగులో బట్టలు ఉతికి, పక్క మైదానంలో ఆరేసేవారు. మూడు లైన్లు కలిసే పెద్ద జంక్షను ఇప్పుడది. ఆ వాగు కాలువగా మారి బ్రాస్ బాసా పక్కన పారుతోంది.

లిటిల్ ఇండియాలో దిగితే బఫెలో రోడ్డు, కెర్బావ్ రోడ్డు. మలయ్‌లో కెర్బావ్ అంటే గేదె. సెరంగూన్ రోడ్డు ఒకప్పుడు పశువుల వ్యాపారానికి పేరు పడింది. గడ్డీ నీరూ ఉన్నాయి కాబట్టి పశువులు, పశువుల వెంట మనవాళ్లు. మీలో చాలామంది పుట్టిన కేకే ఆసుపత్రి అసలు పేరు కండంగ్ కెర్బావ్, అంటే గేదెల కొట్టం! 1966లో ఆ ఒక్క ఆసుపత్రిలోనే దాదాపు 40 వేల మంది పిల్లలు పుట్టారు. ప్రపంచ రికార్డుగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఈ సంగతి మేము తరగతిలో చెప్పిన రోజు, "నేను గేదెల కొట్టంలో పుట్టాను" అని చెప్పుకోవడానికి పిల్లలు పోటీ పడ్డారు.

అదే రోడ్డు మీద ముందుకు పోతే శ్రీనివాస పెరుమాళ్ గుడి. 1855లో మొదలైంది. తైపూసం కావళ్లు బయలుదేరేది ఇక్కడి నుంచే. మన పెద్దలకు వేంకటేశ్వరస్వామి దర్శనమైతే ఆ రోజుకు కాళ్ల నొప్పులు పోతాయి. గుడి దగ్గర కాస్త ఆగి, ఆదివారం సాయంత్రమైతే చుట్టూ వినండి. తమిళం, బెంగాలీ మధ్యలో తెలుగు వినిపిస్తుంది. కరీంనగర్, నిజామాబాద్, గోదావరి, శ్రీకాకుళం యాసలు. మెట్రో సొరంగాల్లో, ఓడల యార్డుల్లో, మనం ఉండే ఫ్లాట్ల కట్టుబడిలో పనిచేసేవారు వీరు. "ఏ ఊరు అన్నా?" అని పలకరించండి. పాఠ్యపుస్తకంలో లేని సింగపూరు అది. అమ్మమ్మ అయితే మనం చెప్పకముందే పలకరిస్తుంది, అది వేరే సంగతి.

యుద్ధం గురించి క్లుప్తంగా. 1942 ఫిబ్రవరి 15న ఇంగ్లీషువారు జపానుకు లొంగిపోయారు. 1943 జూలైలో సుభాష్ చంద్ర బోసు ఇక్కడికి వచ్చి ఆజాద్ హింద్ ఫౌజు పగ్గాలు చేపట్టారు. అక్టోబరు 21న స్వతంత్ర భారత ప్రభుత్వాన్ని ప్రకటించింది ధోబీ ఘాట్ పక్కన ఉన్న కాథే భవనంలోనే. ఎస్ప్లనేడ్ దగ్గర ఆ సైనికుల స్మారకాన్ని 1945లో తిరిగి వచ్చిన ఇంగ్లీషువారు కూల్చేశారు. ఆ చోట 1995లో ఒక గుర్తు పలక పెట్టారు. తాతయ్యను అక్కడికి తీసుకెళ్లకుండా విమానం ఎక్కించకండి.

1959లో స్వపరిపాలన, 1963లో మలేషియాలో చేరిక, 1965 ఆగస్టు 9న విడిపోవడం, ఇవి మీరు బడిలో చదివారు. అప్పటి నుంచి ఇది సొంత పొలమూ, సొంత నీళ్లూ లేని రాజధాని. రైతు కుటుంబాల నుంచి వచ్చిన మన పెద్దలు వెంటనే అడిగే ప్రశ్న: "మరి నీళ్లెక్కడివిరా?" దీనికి జవాబు మీకు నోటికి రావాలి. జొహోర్ నుంచి గొట్టాల్లో వస్తాయి, 1962 నాటి ఒప్పందం 2061 దాకా ఉంది. వాన నీటిని 17 రిజర్వాయర్లలో, అంటే పెద్ద చెరువుల్లో పడతారు. వాడిన నీటినే శుద్ధి చేసి 2003 నుంచి న్యూవాటర్ పేరుతో మళ్లీ వాడుతున్నారు. 2005 నుంచి సముద్రపు నీటిలో ఉప్పు తీసేస్తున్నారు. ఈ నాలుగింటినీ నాలుగు కుళాయిలు అంటారు. మెరీనా బ్యారేజి దగ్గరకు తీసుకెళ్లి, "ఇదే మా ధవళేశ్వరం" అనండి. పోలిక పూర్తిగా సరిపోదు. అక్కడ పొలాలకు నీరు మళ్లించడానికి కట్టారు, ఇక్కడ సముద్రపు నీరు లోపలికి రాకుండా, వరద బయటికి పోయేలా 2008లో కట్టారు. దీవిలో ఆరో వంతు మీద పడిన వాన ఈ చెరువులోకే వస్తుంది. అయినా బ్యారేజి అనగానే గోదావరి వారికి, కృష్ణా వారికి కళ్లు మెరుస్తాయి, గేట్ల లెక్క మొదలవుతుంది.

ఆ చెరువులోకి వచ్చే నది ఒకప్పుడు కంపు కొట్టేది. పందుల కొట్టాల మురికి, పడవల నూనె, వీధి వంటల చెత్త అందులోకే. 1977లో మొదలుపెట్టి 1987 దాకా పదేళ్లు శుభ్రం చేశారు. పడవలవారిని 1983లో పాసిర్ పంజాంగ్‌కు పంపేశారు. నది బాగుపడింది. నది మీద బతికినవారికి మాత్రం ఊరు మారిపోయింది. రెండూ చెప్పండి.

ఇళ్ల సంగతి: 1960లో హెచ్‌డీబీ పెట్టారు. 1961 మే 25న బుకిత్ హో స్వీలో పూరిళ్లు తగలబడి దాదాపు 16 వేల మంది రోడ్డున పడ్డారు. ఆ స్థలంలోనే ప్రభుత్వం ఫ్లాట్లు కట్టింది. ఇప్పుడు ఇక్కడివారిలో నూటికి 75 మందికి పైగా ఉండేది హెచ్‌డీబీ ఇళ్లలోనే. 99 ఏళ్ల లీజు. 1989 నుంచి ప్రతి బ్లాకులోనూ చైనీయులు, మలయ్‌లు, భారతీయులు కలిసి ఉండేలా కోటా ఉంది. కింద ఖాళీగా వదిలిన వాయిడ్ డెక్‌ను ఏమనాలని ఒక పాప అడిగింది. అరుగు అనండి. ఒక వారం మలయ్ పెళ్లి, మరో వారం చైనీయుల చావు కార్యం, రోజూ సాయంత్రం ముసలివాళ్ల చదరంగం. మన పల్లెలో అరుగు మీద జరిగేవి ఇవే కదా.

చివరగా తప్పకుండా వచ్చే ప్రశ్న: "మన అమరావతి కూడా ఇలాగే అవుతుందా?" 2014లో ఆంధ్రప్రదేశ్ రెండయ్యాక కొత్త రాజధానికి మాస్టర్ ప్లాన్ సింగపూరు సంస్థలు గీశాయి. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగింది. 2019లో సింగపూరు సంస్థల కూటమితో ఒప్పందం రద్దయింది. 2025 మేలో పనులు తిరిగి ప్రారంభించారు. తప్పు ఎవరిదన్న చర్చ మీ ఇంట్లో భోజనాల దగ్గర ఎలాగూ జరుగుతుంది, ఈ పాఠంలో వద్దు. మాక్స్‌వెల్ రోడ్డులో సిటీ గ్యాలరీ ఉంది, టికెట్టు లేదు. అక్కడ నగరం మొత్తం బొమ్మల కొలువులా పేర్చి ఉంటుంది. ఆ బొమ్మ పక్కన నిలబడి చెప్పాల్సింది ఇది: ఈ ఊరికి పెద్ద పథకం గీసింది 1971లో. కొత్త పట్టణాలు, రైలు దారి అందులోనే ఉన్నాయి. మొదటి రైలు నడిచింది 1987 నవంబరు 7న. పదహారేళ్లు. ఆ పదహారేళ్లూ ముందు మురుగు కాలువలు, నీటి గొట్టాలు, ఇళ్లు. అద్దాల మేడలు తర్వాత.

గుంటూరులో 1940లలో పుట్టిన ఒక తాతయ్య, కదలకుండా ఒకే ఇంట్లో కూర్చుని మద్రాసు, కర్నూలు, హైదరాబాదు, అమరావతి అనే నాలుగు రాజధానుల కింద బతికి ఉంటారు. రాజధాని గురించి ఆయన చెప్పేది వినకుండా మీరే అంతా చెప్పేయకండి.

ఇంటి పని: ఈ సెలవుల్లో మీ ఇంటికి వచ్చిన పెద్దవారితో పై చోట్లలో కనీసం రెండింటికి వెళ్లండి. ఎండ కాబట్టి ఉదయం తొమ్మిది లోపల బయలుదేరండి, గొడుగు మరవకండి. తెలోక్ ఆయర్ వీధిలో నిలబడి పాత ఒడ్డు ఎక్కడో ఐదు వాక్యాల్లో చెప్పండి. తర్వాత వారిని మూడు ప్రశ్నలు అడగండి: మీ ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది? మీ చిన్నప్పుడు మంచినీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకునేవారు? మీ ఇల్లు ఎవరు కట్టారు, దేనితో కట్టారు? వారి జవాబులు వారి మాటల్లోనే, వారి యాసలోనే రాయండి. తెలియని మాట వస్తే దాని కింద గీత గీయండి, అర్థం తరగతిలో చూద్దాం. కాగితం చివర ఆ పెద్దవారి చేత తెలుగులో సంతకం పెట్టించి, సెలవుల తర్వాత మొదటి తరగతికి తీసుకురండి.